దిగువ గేజి

"కాలువ నిండుగా ఉందండి, గట్టంచు తగిలి ఉంది" అని కాలువ కాపలా చూసే లష్కరు. "పది రోజులై మా బోదెలోకి చుక్క దిగలేదండి" అని అదే చానల్ శివారు రైతు. ఒకే పొద్దున ఈ రెండు ఫోన్లూ అందుకున్న ఇరిగేషన్ ఏఈ అమ్మాయి మూడో ఫోను నాకు చేసింది. "ఇద్దరిలో ఎవరిది అబద్ధమో తేల్చాలి సార్. రేపు ఖాళీయేనా?" అంది. రిటైరై అయిదేళ్లయిన ఇంజినీరు ఖాళీగా కాక ఎలా ఉంటాడు? ఇద్దరిదీ నిజమేనేమో అని మాత్రం నాకు అప్పుడే తట్టింది. కానీ ఫోన్లో చెబితే ముసలాయన చాదస్తం అనుకుంటుందని ఊరుకున్నాను.

మర్నాడు మాఘ పౌర్ణమి. ధవళేశ్వరంలో ఆరున్నరకి బొలెరో ఎక్కాను. వెనక సీట్లో నా టేకు పెట్టె. అందులో కరెంటు మీటరు ఉంది. కరెంటంటే ఇంట్లో కరెంటు కాదు, నీటి వడి. చక్రానికి ఆరు చిన్న కప్పులు. ప్రైస్ అనే అమెరికన్ ఇంజినీరు 1882లో చేసిన నమూనాకి ముదిమనవడు లాంటిది. నీటిలో దింపితే కప్పులు తిరుగుతాయి, తిరిగినప్పుడల్లా చెవికి పెట్టుకున్న హెడ్‌ఫోన్‌లో టిక్కుమంటుంది. ఎన్ని సెకన్లకి ఎన్ని టిక్కులో లెక్కపెడితే అక్కడి నీటి వేగం తెలుస్తుంది. ఈ పెట్టె చూసి ఆ అమ్మాయి నవ్వింది. "మ్యూజియంకి ఇవ్వాల్సింది సార్, ఇక్కడే ఉందిగా" అని పక్కనే ఉన్న కాటన్ మ్యూజియం వైపు చూపించింది.

బ్యారేజీ మీద పోతుంటే ఎడమవైపు ఇసుక తిన్నెలు, కుడివైపు గట్టుల మధ్య నిండు చెరువులా గోదావరి. 1852లో పూర్తయిన కాటన్ ఆనకట్ట స్థానంలో లేచిన ఈ బ్యారేజీకి నాలుగు భాగాల్లో కలిపి 175 గేట్లు. ఎగువన నిలిపే నీటి మట్టం సముద్రానికి పదమూడున్నర మీటర్ల పైచిలుకు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ పదమూడున్నర మీటర్ల ఎత్తునీ అరవై డెబ్బై కిలోమీటర్ల దూరానికి సర్దాలి. అంటే కిలోమీటరుకి జానెడు పల్లం. ఆ జానెడులోనే లాకులు, రెగ్యులేటర్లు, తూములు, వంతెనలు తలా కాస్త కొరుక్కు తింటాయి. చివరికి మిగిలేది బెత్తెడు. కోనసీమలో నీటిని కొలిచేవాడి కష్టమంతా ఆ బెత్తెడులో ఉంది. ఎక్కడా గభాల్న దూకే నీరు ఉండదు. దూకని నీటిని కొలవడం చాలా కష్టం.

బొబ్బర్లంక దగ్గర మధ్య డెల్టా కాలువ మొదలవుతుంది. లొల్ల లాకుల దగ్గర ఆగి ఇడ్లీ తిన్నాం. సినిమాల వాళ్లకి ఇది పాటల చోటు. నాకు మాత్రం ముప్పయ్యేళ్ల కిందటి రాత్రి డ్యూటీలు, దోమలు. దాళ్వా, అంటే రెండో పంట కాలం, కనుక కాలువలకి వంతులు నడుస్తున్నాయి. గోదావరిలో సొంత నీరు సన్నబడిపోయింది, సీలేరు నుంచి వదిలే నీళ్లతోనే ఈ పంట గట్టెక్కాలి. అందుకే ప్రతి క్యూసెక్కుకీ, అంటే సెకనుకి పారే ప్రతి ఘనపుటడుగుకీ, లెక్క అడుగుతున్నారు. వంతెన కింద కొత్తగా బిగించిన రాడార్ సెన్సర్ని ఆ అమ్మాయి గర్వంగా చూపించింది. పావుగంటకోసారి నీటి మట్టం ఫోన్లోకి వచ్చేస్తుందట. మంచిదే. కానీ అది చూసేది మట్టాన్ని. మట్టం నుంచి ప్రవాహానికి వెళ్లే దారి పాత పట్టికలోంచే. ఆ పట్టిక తప్పైతే పావుగంటకోసారి తప్పు వస్తుంది, అంతే తేడా.

గన్నవరం దగ్గర వైనతేయ మీద కాలువ దాటే చోటు నాకు ఎప్పుడూ కొత్తే. కింద నది, పైన కాలువ. 1850ల మొదట్లో హేగ్ అనే కుర్ర ఇంజినీరు నలభైతొమ్మిది కమానులతో తొలి అక్విడక్టు కట్టించాడు. ఇప్పుడున్న కొత్తదానికి ఆకలన్నవాళ్లకి అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు. అవతలి గట్టు మీద అంతర్వేది తీర్థం నుంచి తిరిగొస్తున్న జనం, ట్రాక్టర్లలో పిల్లలు, బూరలు. ఆ రద్దీలో గంట పోయింది.

మేం వెళ్లాల్సిన చానల్ పేరు ఇక్కడ రాయను. ఆ లష్కరు ఉద్యోగం ఇంకా ఏడేళ్లుంది.

చానల్ తలలో, అంటే పెద్ద కాలువ నుంచి విడిపోయిన చోటుకి కాస్త దిగువన, కొలత కోసం కట్టిన దిమ్మ ఉంది. కాలువ రెండు పక్కలా గోడలు దగ్గరికొచ్చి గొంతులా ఇరుకవుతాయి, అడుగున దిమ్మ కాస్త ఎత్తుగా ఉంటుంది. మూడు మీటర్ల గొంతు. పుణెలో పనిచేసిన క్లాడ్ ఇంగ్లిస్ పుణ్యమా అని మన దేశమంతటా ఈ తరహా ఫ్లూములు వచ్చాయి. పని తీరు సులువు. నీరు గొంతులో దూరి, దిమ్మ మీద పల్చబడి, వడి పెంచుకుని అవతల కిందికి జారాలి. అలా జారిపోతే ఎగువ గేజిలో దిమ్మ మీద ఎంత నీరుందో ఒక్కసారి చదివితే చాలు, మిగతా పట్టిక చూసుకుంటుంది.

లష్కరు సైకిలు స్టాండు వేసి, తలపాగా విప్పి దణ్ణం పెట్టాడు. ఎగువ గేజి చూశాం: 80 సెంటీమీటర్లు. రిజిస్టర్లో రోజూ 80, 79, 80, 81. దాని పక్క గడిలో 129 క్యూసెక్కులు. నేనూ వేసి చూశాను. మూడు మీటర్ల వెడల్పు, 0.8కి ఒకటిన్నర ఘాతం, 1.7తో గుణకారం: సెకనుకి 3.65 ఘనపు మీటర్లు. అంటే 129 క్యూసెక్కులు. లెక్క తప్పు లేదు.

"చూశారాండి, నిండుగా ఉంది" అన్నాడు లష్కరు.

నేను ఓ గులకరాయి తీసి గొంతుకి దిగువ చివర వేశాను. అలలు గుండ్రంగా విచ్చుకుని, నెమ్మదిగా, మెట్లెక్కినట్టు గొంతులోంచి పైకి వచ్చాయి. మా కాళ్ల దాకా వచ్చి ఎగువ గేజిని తాకాయి.

"ఏంటి సార్ చూస్తున్నారు?" అంది ఏఈ.

"ఈ అల పైకి రాకూడదమ్మా" అన్నాను.

నీటి మీద చిన్న అలకి దాని నడక దానికుంటుంది. గొంతులో నీరు ఆ నడక కంటే జోరుగా పరిగెత్తితే అల ఎదురెక్కలేదు, కిందికే కొట్టుకుపోతుంది. అప్పుడు దిగువన ఏం జరుగుతున్నా, ఎవరు అడ్డుకట్ట వేసినా, పైనున్న నీటికి ఆ కబురు అందదు. అందుకే ఒక్క గేజి చాలు. అల పైకి వచ్చిందంటే దిగువ నీరు ఎగదన్ని దిమ్మని ముంచేసిందన్నమాట. కబురు పైకి వస్తోంది, పైనీరు ఆగి వింటోంది, మట్టం పెరుగుతోంది. పెరిగిన మట్టాన్ని చూసి పట్టిక ఎక్కువ నీరు పారుతోందనుకుంటుంది. నిజానికి జరిగేది తిరగబడి ఉంటుంది. ఎంత నిండితే అంత తక్కువ పారుతున్నట్టు.

"మునిగిపోయిందండి. పుష్యం నుంచీ అంతే" అన్నాడు లష్కరు, ఇదేదో అందరికీ తెలిసిందే అన్నట్టు. రాసేందుకు గడి లేదు కనుక రాయలేదు. అతని తప్పేం ఉంది?

దిగువ గేజి ఉంది. చిల్లచెట్ల వెనక, నాచు పట్టి. అది చదవడానికి ఎవరూ దిగిన గుర్తు లేదు. లష్కరు కొడవలితో నరికి, చేత్తో నాచు తోమితే అంకెలు బయటపడ్డాయి: 71. ఎనభైకి డెబ్బైఒకటి, అంటే 89 శాతం మునక. ఆ అమ్మాయి ఫోన్ తీసి, "విల్మాంట్ సూత్రం ఉంది సార్, వేసేస్తాను" అంది. 1947 నాటి ఆ సూత్రం పల్చటి అంచున్న వియర్లకి, అంటే నీరు పైనుంచి దూకే అడ్డుగోడలకి. ఇది వెడల్పాటి దిమ్మ, కాస్త ఎక్కువ మునకని ఓర్చుకుంటుంది. 89 శాతానికి పదో పదిహేనో శాతం తగ్గితే తగ్గవచ్చు. అంతమాత్రానికి శివారు ఎండదు. సూత్రం పక్కనపెట్టి పెట్టె తెరిచాను.

దిగువన తాటిదుంగల వంతెన. ఏడు మీటర్ల వెడల్పు కాలువని అరమీటరుకొక గీతగా పంచుకుని, ఒక్కో గీత దగ్గర లోతు చూసి, ఆ లోతులో అయిదో వంతు దగ్గర ఒకసారి, అయిదింట నాలుగు వంతుల దగ్గర ఒకసారి మీటరు దింపాలి. రెండిటి సగటు ఆ గీత వేగం. పదమూడు గీతలు, ఇరవయ్యారు కొలతలు. దుంగ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, హెడ్‌ఫోన్ పెట్టుకుని, స్టాప్‌వాచ్ నొక్కి... టిక్... టిక్... ఇంత నిదానంగా వినిపిస్తుంటే మీటరు పాడైందేమోనని బయటికి తీసి ఊదాను. గిర్రున తిరిగింది. మీటరు బాగానే ఉంది, నీరే నడవట్లేదు. సెకనుకి ఇరవై రెండు సెంటీమీటర్లు. గట్టు మీద పాకే చీమల బారు దీనికంటే హుషారుగా ఉందనిపించింది.

రెండు గంటల తర్వాత కూడిక తేలింది: రెండు ఘనపు మీటర్లు. 71 క్యూసెక్కులు. రిజిస్టర్లో 129.

మిగతా 58 క్యూసెక్కులూ కాగితంలోనే పారుతున్నాయి. రోజంతటికీ లెక్కేస్తే నూట పదిహేను ఎకరాల్లో అడుగు లోతున నిలిచే నీళ్లు. కానీ నాకు ఇంకోటి మింగుడుపడలేదు. 89 శాతం మునకకి ఇంత కోత పడదు. ఆ అమ్మాయి మీటరునే అనుమానించింది, మర్యాదగా. నేను గేజినే అనుమానించాను.

పక్కూళ్లో ఇల్లు కడుతున్న మేస్త్రీ దగ్గరికి లష్కరుని పంపి, మట్టం చూసే సన్నటి పారదర్శక పైపు తెప్పించాను. నీళ్లు నింపి, బుడగలు పోయేదాకా తట్టి, ఒక కొస ఎగువ గేజిలో 80 గీత దగ్గర నేను పట్టుకుంటే రెండో కొస దిగువ గేజి దగ్గర ఆ అమ్మాయి మోకాటి లోతు బురదలో దిగి పట్టుకుంది. రెండు కొసల్లోనూ నీరు ఒకే మట్టంలో ఉంటుంది కదా. రెండు గేజిలూ ఒకే సున్నా నుంచి మొదలైతే అటువైపు కూడా 80 రావాలి.

"74 సార్!"

మళ్లీ చూడమన్నాను. మళ్లీ 74. ఎప్పుడో పలక ఊడిపోతే ఎవరో తిరిగి బిగించారు. దిమ్మ మట్టం చూడకుండా, చేతికందిన చోట. ఆరు సెంటీమీటర్లు పైకి పోయింది. అంటే అక్కడ 71 అని కనిపిస్తున్నది నిజానికి 77. ఎనభైకి డెబ్బైయేడు, 96 శాతం మునక. ఇక ఆ 71 క్యూసెక్కుల్లో వింతేం లేదు. ఎగువకీ దిగువకీ తేడా మూడు సెంటీమీటర్లు, రెండు వేళ్ల మందం. ఈ స్థితిలో ఒక్క సెంటీమీటరు తప్పు చదివినా పదీ పన్నెండు క్యూసెక్కులు అటూ ఇటూ అయిపోతాయి. గాలికి లేచే చిరుకెరటం ఒక్కటి చాలు. అందుకే గేజిని కాలువలో కాకుండా పక్కన చిన్న బావి తవ్వి, గొట్టంతో కలిపి, అందులో పెట్టమంటారు. ఇక్కడ ఆ బావి కూడా ఉంది. పూడిపోయి, ఒక కప్ప ఉంది.

ఇలాంటి 71నీ 129నీ ఒకప్పుడు నేనూ కలిపేశాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, వేరే చానల్, ఇదే దాళ్వా. రోజూ ఎగువ గేజి చదివి, పట్టిక చూసి, సంతకం పెట్టేవాణ్ణి. ఒకరోజు శివారు రైతులు నలుగురు ఆఫీసుకొచ్చి రిజిస్టర్ చూపించమన్నారు. చూపించాను, ధైర్యంగా. వాళ్లలో పెద్దాయన రిజిస్టర్ చేతిలోకి తీసుకుని, బట్ట పిండినట్టు మెలిపెట్టి, కింద దోసిలి పట్టాడు. "ఏం కారట్లేదు బాబూ" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ ఏడు ఆ నలుగురి చేలూ పొట్ట దశలో ఎండిపోయాయి. ఎగదన్నే నీటి సంగతి నేను చదువుకున్న పుస్తకంలో ఒక అధ్యాయం ఉంది. పరీక్షలో దాన్ని చాయిస్‌లో వదిలేశాను.

ఆ తర్వాత కక్షకొద్దీ చదివాను. అమెరికాలో కొలరాడోలో రాల్ఫ్ పార్షల్ అనే ఇంజినీరు 1920లలో ఒక ఫ్లూమ్ తయారుచేశాడు. వియర్‌కి కావలసిన పల్లంలో నాలుగో వంతు ఉన్నా పనిచేస్తుంది, ఒండ్రు పేరుకోదు. అడుగు నుంచి ఎనిమిది అడుగుల గొంతున్న వాటిలో మునక 70 శాతం దాటనంత వరకు ఒక్క గేజి చాలు, దాటితే గొంతులో రెండో గేజి కూడా చదివి లెక్క తగ్గించుకోవాలని ఆయన అప్పుడే పట్టికలు వేసి ఇచ్చాడు. అంటే మునక సంగతి కొలిచేవాళ్లకి వందేళ్లుగా తెలుసు. అయినా రెండో గేజి ఎక్కడ చూసినా చిల్లచెట్ల వెనకే ఉంటుంది. ఎగువ గేజి రోడ్డు పక్కన ఉంటుంది, బండి దిగకుండా చదవొచ్చు. దిగువ దానికి చెప్పులు విప్పి దిగాలి. పట్టికలు ఎన్ని మారినా ఇది మారదని నా అభిప్రాయం.

భోజనాలయ్యాక గట్టు వెంట నడిచాం, ఎగదన్నుడు ఎక్కడి నుంచో చూద్దామని. ముప్పావు కిలోమీటరు దాకా గుర్రపు డెక్క, దాని మీద కొంగలు. దాని అవతల చిన్న వంతెన కింద కొబ్బరి పలకలు అడ్డంగా దిగి ఉన్నాయి. ఏఈకి కోపం వచ్చింది. పలకలు లాగించబోతుంటే పక్క చేలోంచి ఒకామె గట్టెక్కి వచ్చింది, చేతిలో కలుపు, చీర మోకాళ్ల దాకా దోపుకుని.

"ఏవమ్మా, మాది మెరక చేను. కాలువ ఈ మట్టానికి లేస్తేనే మా తూములోకి నీరెక్కుద్ది. తీసేయండి, తీసేసి మా చేలోకి నీళ్లెలా ఎక్కించాలో కూడా చెప్పండి."

చెప్పలేకపోయాం. ఆమెకి కావలసింది మట్టం, శివారు వాడికి కావలసింది ప్రవాహం. జానెడు పల్లంలో రెండూ ఒకే పలక కోసం కొట్టుకుంటున్నాయి. పై పలక ఒక్కటి తీయించి, ఆమె వంతు రోజున వేసుకోమని ఒప్పందం చేసి, డెక్క తీయించడానికి మనుషుల్ని మాట్లాడి కదిలాం. ఆమె మమ్మల్ని నమ్మినట్టు లేదు. 2011లో ఇక్కడి రైతులు పంట విరామమంటూ తొలి పంట సార్వా మానేసినప్పుడు చెప్పిన కారణాల్లో మురుగు కదలకపోవడం ఒకటి. నీరు రాకా, వచ్చిన నీరు పోకా, రెండూ ఈ సీమలో పక్కపక్కనే ఉంటాయి.

శివారు చేరేసరికి అయిదైంది. అక్కడ చానల్ చివర తూము, దాని అవతల మురుగు కాలువ, దానికి మరి కాస్త దూరంలో సముద్రం. తూముకి ఇనుప తలుపులుంటాయి. కాలువ నీరు తోస్తే బయటికి తెరుచుకుంటాయి, పోటు నీరు తోస్తే మూసుకుంటాయి. ఎవరూ తిప్పక్కర్లేదు. రెండు తలుపుల్లో ఒకటి తుప్పు పట్టి సగం తెరుచుకుని బిగుసుకుపోయింది. అప్పుడు పాటు, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ, కనుక నీరు సన్నగా బయటికే పోతోంది. ఫోన్ చేసిన రైతు తన చేను చూపించాడు. నేల నెర్రెలు తీసి ఉంది. మేం తెచ్చిన 71 అంకె చెబితే, "అదైనా మాదాకా రాలేదుగాండి" అన్నాడు, ఇంకేం ఆశించనట్టు.

ఏడున్నరకి చంద్రుడు తాటితోపు మీదకి వచ్చాడు. పౌర్ణమి పోటు ఎక్కువ. ఇక్కడి లష్కరు, తలలో ఉన్న అతని కంటే పెద్దవాడు, టార్చి పట్టుకుని గేజి మీద వెలుగు వేస్తున్నాడు. ఏఈ అమ్మాయి ఎగువ, దిగువ రెండు మట్టాలూ పది నిమిషాలకోసారి రాస్తోంది. ఆరు సెంటీమీటర్ల తేడా. నాలుగు. ఒకటి. తీర్థం నుంచి ఎవరో పారేసిన బంతిపూల దండ తూము ముందుకు తేలుతూ వచ్చి ఆగిపోయింది. దండ వేగం చూసి నీటి వేగం కట్టేవాళ్లం చిన్నప్పుడు, పైనీటి వేగాన్ని 0.85తో గుణించి. ఇప్పుడు గుణించడానికి ఏమీ లేదు. సున్నా.

తర్వాత దండ కదిలింది, మా వైపుకి. తుప్పు పట్టిన తలుపు సందులోంచి నీరు లోపలికి వస్తోంది. లష్కరు వంగి, వేలు ముంచి నాలుకకి రాసుకుని ఉమ్మేశాడు. "ఉప్పండి." తలుపుకి ఒక గోనెసంచీ కుక్కి, పైన రాయి పెట్టి వచ్చాడు. రోజూ చేసే పనే కాబోలు, అలవాటుగా చేశాడు.

అమ్మాయి పెన్నుతో రిజిస్టర్లో అడ్డంగా గీత గీసి, "ఇకనించి రెండు గేజిలూ రాయండి బాబాయ్. ఎగువది ఇటు, దిగువది ఇటు" అని చూపించింది.

అతను టార్చి వెలుగులో ఆ రెండు గడుల వంకా, బంతిపూల దండ వంకా చూశాడు.

"ఆయ్, అలాగేనండి. మరి ఇలా ఎనక్కొచ్చిన నీళ్లని ఏ గడిలో రాయమంటారు?"

ఆమె నా వైపు చూసింది. నేను పెట్టె మూసి గొళ్లెం పెట్టుకుంటున్నాను. "మూడో గడి గీయమ్మా" అన్నాను.